పాతరలో సముద్రం

మా ముత్తాత ఊరిరెడ్డి, అంటే ఊరికి పెద్ద. ఆయన తండ్రి ఊరిరెడ్డి, ఆ తండ్రికి తండ్రి కూడా ఊరిరెడ్డే. కలెక్టరు దొర గుర్రం దిగేదాకా మా ముత్తాత అరుగు దిగలేదని ఇంట్లో చెప్పుకునేవారు. నేను చూడలేదు కాబట్టి ఆ మాట మీద పట్టుబట్టను. పెద్ద కరువులో ఆయన గింజల పాతరలన్నీ తెరిపించి మా ఊరికీ, చుట్టుపక్కల ఊళ్ళకూ గంజి పోయించాడన్నది మాత్రం నిజం. ఆ గంజి తాగి బతికినవాళ్ళ మనవలు మా అరుగు ముందర నిలబడి ఆ సంగతి చెప్పుకోగా నా చెవులతో విన్నాను. మా తాత ఆ పేరు నిలబెట్టాడు. మా నాయన కాలానికి కోర్టు వ్యవహారాలు, నీళ్ళు పడని బావులు ఇంటిని లోపల్నుంచి తినేశాయి. అయినా ఏటేటా గోడలకు సున్నం తప్పలేదు.

పోయిన నెల పుట్టపర్తికి పోతూ మా మేనల్లుడు దారిలో కాఫీకని కారు ఆపాడు. హోటలు కొత్తది, అలంకరణ పాతది. గోడల నిండా చెక్క రేడియోలు, ఇత్తడి చెంబులు, వేలుపెట్టి తిప్పే ఫోన్లు. ఒక మూల అద్దాల చట్రాల్లో బిగించిన పాత బొమ్మల కథల పుస్తకాల అట్టలు. వాటిలో ఒకదాన్ని చూసి లేచి దగ్గరికి వెళ్ళాను. అట్టంతా నీలం సముద్రం. మధ్యలో ఓడ. ఓడను చుట్టుకుని ఎనిమిది చేతుల జంతువు.

"ఏం పెద్దాయనా, ఫోటో తీయాల్నా? అందరూ ఆడ్నే నిలబడి తీసుకుంటారు" అన్నాడు కాఫీ తెచ్చిన కుర్రవాడు.

"వద్దు. ఈ పుస్తకం నేను చదివినాను."

"చదివేదానికా సార్ అవి? గోడకు బాగుంటాయని పెట్టినారు."

కాఫీ చల్లారిపోయింది. మేనల్లుడు రెండుసార్లు పిలిచాడట.

అప్పట్లో మా ఊరి నుంచి సంతరోజు నాయన బండి కదిరికి పోయేది. అక్కా నేనూ ఆ బండిలో గడ్డి మీద కూర్చుని వెళ్ళేవాళ్ళం. నాయన మండీలో పని చూసుకునేలోగా మేము బస్టాండు వెనక సందులోకి దూరేవాళ్ళం. అక్కడ రేకుల కప్పు కింద ఒక భాయ్ అద్దెకు పుస్తకాలిచ్చే అంగడి నడిపేవాడు. లోపలికి అడుగు పెట్టగానే మైలుతుత్తం కలిపిన మైదా బంక వాసన, బీడీ వాసన, ఎండకు మాగిన కాగితం వాసన కలిసి ముక్కుకు తగిలేవి. అరల్లో డిటెక్టివు నవలలు, మంత్రాల దీవులు, తల తెగినా నడిచే రాజుల కథలు. తీగలకు వరసగా వేలాడేవి బొమ్మల పుస్తకాలు. వాటిలో కొన్ని తెలుగువి, ఎక్కువ ఇంగ్లీషువి. ఇంగ్లీషువి బెంగుళూరు దండు, అదే కంటోన్మెంటు నుంచి చిత్తు కాగితాల మూటల్లో వచ్చేవని భాయ్ చెప్పేవాడు.

"ఇది చదివితే అన్నం సహించదు. ఇది చదివితే నిద్ర రాదు. ఏది కావాలమ్మా?" అనేవాడు.

"రెండూ" అనేది అక్క.

మిగిలిన పిల్లల దగ్గర భాయ్ ముందుగా ఏదో ఒక వస్తువు కుదువ పెట్టించుకునేవాడు. మమ్మల్ని అడిగేవాడు కాదు. "పెద్దింటి పిల్లోళ్ళు" అనేవాడు, అంతే. ఒక నియమం మాత్రం అందరికీ ఉండేది. ఎన్ని తీసుకున్నా అవన్నీ తెచ్చిస్తేనే ఇంకోటి.

నాయనకు ఆ పుస్తకాలంటే గిట్టదు. "సంత పుస్తకాలు" అని పేరు పెట్టాడు. బొమ్మ చూసేవాడికి అక్షరం రాదని ఆయన నమ్మకం. అందువల్ల అవి మా ఇంటికి గడ్డి కింద ప్రయాణం చేసేవి. ఇంగ్లీషు మాకిద్దరికీ రాదు. రాకపోవడమే మేలైంది. బొమ్మలు చూసి అక్క మాటలు తయారు చేసేది. చంద్రుడి మీద దిగిన మనిషిని చూసి మూడు కళ్ళ రాక్షసుడు "ఏమప్పా, యాడికి పోతాండావు? ఈడ మా చేను ఉండాది, తొక్కొద్దు" అనేవాడు. సమాధిలోంచి లేచిన శవం "సంగటి ఉండాదా? ఊరిబిండి లేకపోయినా పర్వాలేదు" అనేది. భయంతో నా వీపు చల్లబడేది. ఆ భయంలోనే నవ్వు వచ్చేది.

ఆ పుస్తకాల్లో నిధులు ఎప్పుడూ భూమి కిందే ఉండేవి. ఆ ఓడ అట్ట పుస్తకంలో సముద్రం ఒడ్డున సొరంగం, దానికి చచ్చిపోయిన నావికుడొకడు కాపలా. కాలికి సంకెళ్ళు. దొంగలు లోపలికి దీపం దించితే ఊది ఆర్పేస్తాడు. ఆ కథ చదివాక అక్కకు మా దొడ్లో పాతర గుర్తొచ్చింది.

పాతర అంటే గింజలు దాచే గుంత. గరుసు నేలలో కడవ ఆకారంగా తవ్వుతారు. మూతి మనిషి పట్టేంత, లోపల ఒక గది అంత. చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలో కొర్రలో నింపి, మూతి మీద బండ వేసి మన్నుతో మెత్తుతారు. ఎన్నేళ్ళైనా గింజ చెడదు. ఇంటి ముందరి పాతరలు అప్పటికే పూడిపోయాయి. దొడ్లోది ఒక్కటే మిగిలింది. అది నిండుగా ఉందని ఊరు నమ్మేది. మేమూ నమ్మేవాళ్ళం.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం, పెద్దవాళ్ళు నడుం వాల్చిన వేళ, అక్కా నేనూ గడ్డపారతో బండ పక్కకు జరిపాం. దీపంబుడ్డి వెలిగించి చేంతాడుకు కట్టి దించాం. దీపం ఆరలేదు.

"దయ్యం ఇంట్లో లేదురా" అంది అక్క. గోడలో తొలిచిన మెట్ల గుంతల్లో కాళ్ళు పెట్టి దిగింది. వెనకే నేనూ.

దీపం సంగతి పెద్దవాళ్ళందరికీ తెలుసు, మాకే తెలియదు. గింజలున్న పాతరలో గాలి చెడిపోయి ఉంటుంది. మూత తీసిన వెంటనే దిగితే మనిషి పైకి రాడు. అందుకే ముందు దీపం దించుతారు. ఆరితే లోపల గింజ ఉన్నట్టు, గాలి మారేదాకా ఆగాలి. ఆరకుండా నిలబడితే దిగొచ్చు. కానీ మూత తీసిన మొదటిసారే దీపం నిలబడితే ఆ పాతర ఒట్టిదని అర్థం.

మా పాతర ఒట్టిది. అడుగున నల్లబడిన గడ్డి, గోడ వారగా గుప్పెడు పుచ్చు జొన్నలు. అంతే.

పైన మూతి దగ్గర నీడ పడింది. జేజి. మా నాయనకు అమ్మ. దెబ్బలు ఖాయం అనుకున్నాం.

"చూసినారు గదా" అంది జేజి. "ఇంగ ఈ మాట మీ నోట్లోనే ఉండాల. ఊళ్ళో తెలిస్తే మీ నాయన రేపట్నుంచి అరుగు మీద కూచోలేడు. అర్థమైందా?"

"అయింది జేజీ."

"ఆ చేతిలోదేంది?"

అక్క నడుములో దోపుకున్న పుస్తకం తీసి పైకి చూపించింది. జేజి వంగి చూసింది. అట్ట మీద సముద్రం.

"ఇన్ని నీళ్ళు ఎవురివే?"

"ఎవరివీ కాదు జేజీ. సముద్రం."

"ఇన్ని నీళ్ళు పెట్టుకొని వీళ్ళకేం కష్టమొచ్చింది, ఇట్ల అరుస్తాండారు?"

ఆ రోజు మొదలు ఆ ఎండాకాలమంతా పాతరే మా చదువుల గది అయింది. పైన భూమి పెనంలా కాలుతుంటే లోపల చల్లగా ఉండేది. మిట్టమధ్యాహ్నం ఎండ సరిగ్గా మూతిలోంచి కిందికి దిగేది, స్తంభంలా. ఆ స్తంభం కింద పుస్తకం తెరిస్తే రంగులు మండేవి. ఎరుపు ఎరుపులా, నీలం నీలంలా అంతకుముందూ ఆ తర్వాతా నాకెక్కడా కనిపించలేదు. స్తంభం మెల్లగా గోడ వైపు జరిగేది. దాని వెంబడి మేమూ జరిగేవాళ్ళం. గోడ ఎక్కేసరికి కథ ఎక్కడుంటే అక్కడ ఆపాల్సిందే. ఒక్కోసారి ఆ నీలం పేజీ మీద చెయ్యి పెట్టి, తీసి చూసుకునేవాణ్ణి. తడి అంటిందేమోనని.

జేజి పైన మూతి పక్కన చేట పెట్టుకుని కూర్చునేది. చూసేవాళ్ళకు శెనక్కాయలు ఒలుస్తున్నట్టు. నిజానికి కథ వింటూ ఉండేది. బొరుగులు, వేయించిన శెనక్కాయలు కొంగులో కట్టి దించేది. నావికుడి కథను ఆమె మూడోసారి కూడా అక్క చేత చదివించుకుంది.

"ఈ కథ రాసినోడు యాడోడో గానీ, మా జేజి నాకు చెప్పిందే ఇది" అంది. "ఆయమ్మ చెప్పినప్పుడు సముద్రం లేదు, కొండలో గవి ఉండె. కావలోడు వీడే."

"ఇంగ్లీషోళ్ళకు మీ జేజి కథ ఎట్ల తెలుస్తాది?"

"ఏమో, వాళ్ళకూ జేజిలు ఉండరా?"

ఆ ఏడు ముంగారు, అంటే తొలకరి వాన పడలేదు. శెనక్కాయ విత్తనం ఇళ్ళలోనే ఉండిపోయింది. పిల్లలు రోకలికి కప్పను కట్టి ఇంటింటికీ తిరిగి నీళ్ళు పోయించుకున్నారు. అప్పటికీ మబ్బు రాలేదు. ఇక మిగిలింది గంజి. మా ఊళ్ళో అది చివరి మొక్కు. ఊరంతా కలిసి ఊరి బయట రాతిగుండు మీద గంజి కాసి తాగుతారు. దానికి మొదటి చేట జొన్నలు పెద్దింటి పాతర నుంచే రావాలి, అందరి ఎదుటా పాతర తెరిచి తీయాలి. పెద్ద కరువు నుంచి వస్తున్న మర్యాద అది.

ఊరి పెద్దలు అరుగు దగ్గరికి వచ్చి అడిగారు. నాయన కాదనలేదు. "రేపు పొద్దున రండి" అన్నాడు. లోపలికి వచ్చి చెంబెడు నీళ్ళు తాగి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఆయన దేనికైనా ఆనుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

తెల్లారి మేము లేచేసరికే జేజి పాతర మూతిని మన్నూ పేడా కలిపి మెత్తేసింది, ఏళ్ళ తరబడి తెరవనట్టు. అక్క జేజి కొంగు పట్టుకుంది.

"జేజీ, పుస్తకాలు లోపలే ఉండాయి! భాయ్‌వి!"

"నోరు మూసుకో" అంది జేజి.

తప్పెట్లతో ఊరు వచ్చింది. పాతరలు తవ్వడం, తెరవడం తెలిసిన ముసలాయన ఒకడు ఉండేవాడు. బండ ఆయనే జరిపించాడు. దీపం తాడుకు కట్టి, బోర్లా పడుకుని తాడు వదిలాడు. నాయన పక్కనే చేతులు వెనక్కి కట్టుకుని, నడుం నిటారుగా నిలబడ్డాడు. నేను జనం కాళ్ళ మధ్యనుంచి దూరి మూతికి ఇవతలి అంచున ముసలాయన ఎదురుగా పడుకున్నాను.

దీపం అడుగుకు చేరింది. వణకలేదు. మొగ్గలా నిలబడింది. ఆ వెలుగులో ఒట్టి గడ్డి, గడ్డి మీద మా పుస్తకాల దొంతర, అన్నిటికన్నా పైన నీలం సముద్రం.

ముసలాయన చూశాడు. తల ఎత్తలేదు. కొంతసేపటికి ఆయన మణికట్టు చిన్నగా కదిలింది. దీపం వెళ్ళి గోడకు తగిలింది. చీకటి. ఆయన తాడు చేదుకుని, ఆరిన దీపాన్ని పైకెత్తి అందరికీ చూపించాడు.

"ఆరిపోయింది. గాలి శానా చెడ్డగా ఉండాదప్పా."

జనంలోంచి ఊపిరి వదిలిన శబ్దం వచ్చింది. "గింజ ఉండాది! పెద్దింటి పాతర ఎప్పుడైనా ఒట్టి పోతాదా!" అన్నారెవరో. "మూత తీసి పెడదాం. రేపటికి గాలి మారుతాది, దిగుదాం" అన్నాడు ఇంకొకాయన.

అప్పుడు జేజి ముందుకొచ్చింది.

"రేపు గాదు. ఎల్లుండి గాదు. దీపం గాలికి ఆరిందనుకుంటాండారా? ఊదినోడు లోపల ఉండాడు."

తప్పెట్లు ఆగిపోయాయి. జేజి పాతర మూతి దగ్గర కూర్చుంది, కథ చెప్పేవాళ్ళు కూర్చునే తీరుగా. మీ తాతలకు గంజి పోసిన కాలంలోనే ఈ పాతరకు కావలి పెట్టినారని మొదలుపెట్టింది. వాడి కాలికి సంకెళ్ళు. వాడి కంట్లో నీళ్ళు, ఏ చెరువుకూ పట్టనన్ని నీళ్ళు. నేను వచ్చేదాకా గింజ ముట్టనీయొద్దని యజమాని చెప్పిపోయినాడు, తిరిగి రాలేదు. మిట్టమధ్యాహ్నం వాడు తనలో తాను మాట్లాడుకుంటాడు. మా పుస్తకంలో బొమ్మ బొమ్మకూ మధ్య ఉన్న తెల్లటి సందుల్ని కూడా జేజి నింపేసింది. కథ నాకు కంఠతా వచ్చు. అయినా వింటూ ఉంటే, అడుగున గడ్డి మీద మా పుస్తకాలే కదా ఉన్నాయి, వాటి పక్కన వాడు కూర్చుని ఉన్నాడని నమ్మాను.

"నేను విన్నానమ్మా!" అంది వెనక సందులో ఉండే ఒకామె, గుండె మీద చెయ్యి పెట్టుకుని. "గోడ కాడ పోతాంటే లోపల మాటలు. ఒగసారి గాదు, శానా సార్లు."

"మగ గొంతా, ఆడ గొంతా?" అడిగారెవరో.

"రెండూ! నవ్వుతాండాది గూడా. సంగటి అడుగుతాండాది!"

అక్క కింది పెదవి పంటితో పట్టుకుంది.

"చెరువు నిండి మరవ మీద నీళ్ళు పొర్లేదాకా మూత తీయొద్దన్నాడు ఆ కావలోడు" అని ముగించింది జేజి.

ముసలాయన లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "సరే తల్లీ. మూయండప్పా" అన్నాడు. మన్ను తనే కలిపి, తన చేత్తోనే మెత్తాడు.

అందరూ వెళ్ళాక నాయన జేజి దగ్గరికి వచ్చాడు. "ఎందుకట్ల చెప్తివమ్మా?"

"నేను చెప్పింది కథే. దీపం ఆర్పినోడు చేసింది ధర్మం. ఆ ముసలోని తాత మన గంజి తాగినోడు. మర్చిపోలేదు."

నాయన పాతర వైపు తిరిగాడు. "అట్లయితే, ఈ పొద్దు ఊరి గంజి మనం తాగినట్లమ్మా" అన్నాడు.

మర్నాడు సంతరోజు కాకపోయినా బండి కట్టించి కదిరికి బయలుదేరాడు. మమ్మల్నీ ఎక్కమన్నాడు. మండీ దగ్గర మమ్మల్ని దించి లోపలికి వెళ్ళాడు. అక్క నన్ను లాక్కుని భాయ్ అంగడికి నడిచింది, ఎగ్గొట్టి తిరగడం మా ఇంటి పద్ధతి కాదు కాబట్టి.

"రా తల్లీ, నీ కోసమే పెట్టినా" అన్నాడు భాయ్. తీగకు వేలాడుతోంది రెండో భాగం. అదే సముద్రం, ఇప్పుడు నల్లగా. ఓడ సగం మునిగి ఉంది. నావికుడి సంకెళ్ళు తెగి ఉన్నాయి. "మొదటిది ఇచ్చి తీసుకో."

"పోయినాయి."

"అన్నీనా? యాడ పోయినాయి?"

అక్క చెప్పలేదు. పాతరలో ఉన్నాయంటే పాతర ఒట్టిదని చెప్పినట్టే. "పోయినాయి, అంతే."

"పెద్దింటోళ్ళు గూడా పుస్తకాలు పోగొడతారా?" అని నవ్వాడు భాయ్. "బజారు పిల్లోళ్ళనుకుంటి ఆ పని చేసేది."

అక్క చెవులు ఎర్రబడ్డాయి. నడుం మాత్రం వంచలేదు. మా వెనకనుంచి నాయన గొంతు వినబడింది. ఎప్పుడు వచ్చాడో తెలియదు.

"భాయ్, ఆ పుస్తకాలు మా ఇంటి పనికి ఖర్చయిపోయినాయి. తప్పు పిల్లలది గాదు. నాది."

సంత పుస్తకాల గురించి నాయన అంత మర్యాదగా మాట్లాడటం అదే మొదలు. పాతర అంచున నిలబడ్డప్పుడు నాకు కనిపించినవి ఆయనకూ కనిపించి ఉండాలి. భాయ్ గబగబా లేచాడు. "అయ్యో రెడ్డీ, నవ్వులాటకంటి" అని తీగ మీద నుంచి రెండో భాగం తీసి అక్క చేతికి ఇవ్వబోయాడు.

నాకు లాక్కోవాలనిపించింది. అక్క చేతులు వెనక్కి కట్టుకుంది, నిన్న నాయన కట్టుకున్నట్టే. "ఒగటి తెచ్చీకుండా ఇంగోటి తీసుకోగూడదు గదా" అంది.

ఆ మాట అన్నాక మేము మళ్ళీ ఆ అంగడి మెట్లు ఎక్కలేదు.

బండి నిండా జొన్న మూటలతో తిరిగి వచ్చాం. గుండు మీద పెద్ద ఇత్తడి అండాలు పొయ్యికెక్కాయి. నాయన మూట విప్పి, మొదటి చేట తనే నింపి తెచ్చాడు. ముసలాయన అందరికీ వినబడేలా అన్నాడు, "పాతర గింజల లెక్కే గదా రెడ్డీ."

నాయన చేట ముందుకు పట్టాడు. "గాదు. కదిరి గింజలు. పాతరలో గింజ లేదు."

ముసలాయన ఆ చేటను రెండు చేతులా అందుకుని అండాలో కుమ్మరించాడు. "గంజి గంజే. కలపండప్పా" అన్నాడు. పిల్లలకు ముందు పోశారు. అంత కమ్మటి గంజి నేను మళ్ళీ తాగలేదు. వాన ఆ నెలలో పడలేదు. జేజి మాట పట్టుకుని పాతర మూత ఎవరూ తీయలేదు, పుస్తకాలు అందులోనే ఉండిపోయాయి.

అక్క పెద్దదయ్యాక, ఆ ఓడ మునిగిందా లేదా అని నేనెప్పుడు అడిగినా ఒక్కోసారి ఒక్కో ముగింపు చెప్పేది. ఏదీ పుస్తకంలోది కాదు, అన్నీ దానికన్నా మెరుగనే నా నమ్మకం. పోయిన ఏడాది ఆమె పోయింది. ఇప్పుడు నేను కాఫీ హోటలు గోడల మీద చూసే ఆ అట్టలను పిల్లలు ఫోటోలు తీసుకోవడానికి వాడుకుంటున్నారు. తప్పు పట్టను. నిధికి కాపలా ఉండటం అంటే ఏమిటో, దీపం ఆరడమంటే ఏమిటో నాకు నేర్పింది ఆ చవక రంగుల కాగితాలే. అవి నేర్పినదానికి మా నాయన అర్థం చెప్పాడు.

బండెడు జొన్నల కోసం ఆయన ఆ రోజు మండీలో అమ్మింది చెరువు కింద మడి. మా ఇంటికి మిగిలిన తడి నేల అదొక్కటే. కొన్నవాళ్ళు మా ఊరివాళ్ళు కాదు, గార్లదిన్నె వైపు వాళ్ళు.